చాపకూడు మరునాడు

ఏటా కార్తీక అమావాస్య వేళ కారంపూడిలో పల్నాటి వీరారాధనోత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు పేర్లతో ఐదు రోజులపాటు పన్నెండో శతాబ్దపు యుద్ధగాథ నాగులేటి ఒడ్డున మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. అందులో అందరి నోటా నానే ఘట్టం చాపకూడు. ఆనాడు కులాల తేడా లేకుండా ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తారు. మాచర్ల పక్షాన నిలిచిన బ్రహ్మనాయుడు ఈ సహపంక్తి భోజనాన్ని నెలకొల్పాడనీ, మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా స్వీకరించి సేనానిని చేశాడనీ పల్నాటి కథ చెబుతుంది. నరసరావుపేట, గురజాల, మాచర్లలలో ఏ వేదిక ఎక్కిన వక్తయినా ఈ మాట గర్వంగా చెప్పుకుంటాడు.

ఆ గర్వాన్ని నేను తప్పుపట్టను. నా ప్రశ్న చాపకూడు మరునాటి గురించి. ఎనిమిది వందల ఏళ్లుగా ఈ కథ పాడుకుంటున్న నేల మీద మాలపల్లె, మాదిగపల్లె ఇంకా ఊరికి ఎడంగానే ఎందుకున్నాయి? పంక్తిలో పక్కన కూర్చున్న మనిషి మరునాడు ఇంటి అరుగు దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాడు?

దీన్ని కపటం అని తేల్చేయడం సులువు. అయితే కపటికి తాను అబద్ధమాడుతున్నానని తెలుసు. నేను చూసిన చాలామందికి అది తెలియదు. వారు బ్రహ్మనాయుణ్ణి నిజంగానే ఆరాధిస్తారు. తమ కులపు సరిహద్దునూ అంతే నిజంగా కాపాడుకుంటారు. ఈ రెండూ ఒకే మనసులో ఎలా కాపురం చేస్తున్నాయన్నదే అసలు విషయం.

అమెరికన్ మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింజర్ 1957లో దీనికి ఒక సిద్ధాంతం చెప్పాడు. దాన్ని కాగ్నిటివ్ డిసొనెన్స్, అంటే సంజ్ఞానాత్మక వైరుధ్యం అంటారు. ఒకదానికొకటి పొసగని రెండు భావాలు, లేదా నమ్మకమూ నడవడికా ఎదురుపడినప్పుడు మనసు ఇబ్బంది పడుతుంది. ఆ ఇబ్బంది తగ్గించుకోవడానికి దానికి మూడు దారులున్నాయి: నడవడిక మార్చుకోవడం, నమ్మకం మార్చుకోవడం, లేదా రెంటినీ అతికే మూడో మాట ఒకటి కల్పించుకోవడం. మన సమాజం ఎక్కువగా నడిచేది ఈ మూడో దారిలోనే. ‘మాకు కులం పట్టింపు లేదు, కానీ వాళ్ల అలవాట్లు వేరు.’ ‘నాకు అభ్యంతరం లేదు, కానీ పెద్దవాళ్లు ఒప్పుకోరు.’ ‘ఇప్పుడు కులం ఎక్కడుంది? రిజర్వేషన్లలో తప్ప.’ ఈ వాక్యాలు ఎదుటివారిని మోసగించడానికి పుట్టినవి కావు. చెప్పేవారి మనసును జోకొట్టడానికి పుట్టినవి.

1959లో ఫెస్టింజర్, కార్ల్‌స్మిత్ కలిసి చేసిన ప్రయోగం ఇంకా లోతుకు తీసుకెళ్తుంది. విద్యార్థులతో విసుగు పుట్టించే పని చేయించి, తర్వాత వచ్చేవారికి ‘ఈ పని భలే ఆసక్తిగా ఉంది’ అని చెప్పమన్నారు. అందుకు కొందరికి ఒక డాలరు, కొందరికి ఇరవై డాలర్లు ఇచ్చారు. చివరికి వారి సొంత అభిప్రాయం అడిగితే, పని బాగానే ఉందన్నది ఒక డాలరు తీసుకున్నవారే. ఇరవై డాలర్లు తీసుకున్నవారి దగ్గర సాకు సిద్ధంగా ఉంది: డబ్బు కోసం చెప్పాను. కనుక లోపల ఏమీ మారలేదు. ఒక డాలరు వారికి అంత గట్టి సాకు దొరకలేదు. అందుకని వారు తమ అభిప్రాయాన్నే మాటకు తగ్గట్టు సర్దుకున్నారు.

ఈ ప్రయోగాన్ని కారంపూడి పంక్తికి అన్వయిస్తే నాకు తోచేది ఇది. ఉత్సవం రోజు చాపకూడుకు భక్తి, ఆచారం, పుణ్యం అనే ఇరవై డాలర్ల సాకు ఉంది. ‘వీరుల ఆన గనుక తిన్నాను’ అనుకుంటే చాలు, కులం మీది నమ్మకాన్ని కదపనవసరం లేదు. పైగా ఒక్కరోజు సమానత్వం మిగిలిన ఏడాదికి ఊరట కూడా ఇస్తుంది. మామూలు రోజున, ఏ మొక్కూ ఏ పండగా లేకుండా, పొలం పని ముగిశాక ఒకరింట ఒకరు తింటే అప్పుడు సాకు దొరకదు. ‘నేనెందుకు తిన్నాను?’ అన్న ప్రశ్నకు ‘అతడు నాతోటి మనిషి గనుక’ అన్న జవాబొక్కటే మిగులుతుంది. మనసు మారేది ఆ చోటనే.

మాటకూ చేతకూ మధ్య దూరం ఇతర దేశాల్లోనూ ఉంది. లాపియర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1930ల ఆరంభంలో ఒక చైనా దంపతులతో అమెరికా అంతా తిరిగాడు. రెండు వందల యాభైకి పైగా హోటళ్లు, బసల్లో ఒక్కచోట మాత్రమే వారిని కాదన్నారు. తర్వాత ఉత్తరాలు రాసి అడిగితే, జవాబిచ్చిన వారిలో నూటికి తొంభైమందికి పైగా చైనీయులను రానివ్వమన్నారు. అక్కడ మాటలో వివక్ష ఉండి చేతలో జారిపోయింది. మన దగ్గర అది తిరగబడింది. మాటలో సమానత్వం, చేతలో గడప.

టీ కొట్టునే చూడండి. రెండు గ్లాసుల పద్ధతి మీద దళితులు ఏళ్ల తరబడి పోరాడారు. ఈలోగా వాడి పారేసే గ్లాసు వచ్చింది. ఎవరి ఎంగిలీ ఎవరికీ అంటదు. గొడవ తగ్గింది. మనసులు మారాయా అంటే, మారవలసిన అవసరమే తప్పిపోయింది. పట్టణంలో అద్దె ఇల్లు అడిగినప్పుడు కులం అడగరు. ఇంటిపేరు, ఊరు, ఏ బజారు అని అడుగుతారు. అడిగినవారికి తాము కులం అడగలేదన్న తృప్తి, చెప్పినవారికి ఇల్లు దొరకదు.

వైరుధ్యం ఒకరిది, దాని ఖర్చు మరొకరిది. పల్నాటి వీరగాథను తరతరాలుగా కాపాడి పాడుతున్న వీరవిద్యావంతులు మాలలు. కథకు చెవి ఒగ్గే ఊరు, కథకుడి ఇంటి నీళ్లు తాగడానికి వెనకాడింది. నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో 1895లో పుట్టిన జాషువ, తన పద్యాన్ని మెచ్చి కులం తెలియగానే ముఖం తిప్పుకున్నవారిని చూశాడు. పద్యం గొప్పదనీ, కవి తక్కువవాడనీ ఏకకాలంలో నమ్మడానికి ఆ శ్రోతలకు ఇబ్బంది కలగలేదు. ఆ ఇబ్బందంతా కవే మోశాడు.

కూడు దాటి పెళ్లి దగ్గరకొస్తే ఈ సర్దుబాటు కత్తి పడుతుంది. కృష్ణ దాటగానే వచ్చే మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో, కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్లెదుటే కిరాయి హంతకుడు చంపాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఆ హత్యను ఖండిస్తూనే ‘కన్నతండ్రి బాధ’ అని జతచేసిన గొంతులు మన చుట్టూ వినిపించాయి. ఆ ‘కన్నతండ్రి బాధ’ మనం పైన చూసిన మూడో మాటే. సహపంక్తి భోజనాలతోనే కులం చావదనీ, కులాంతర వివాహమే అసలు మందనీ, దానికి అడ్డుపడే శాస్త్రాల పవిత్రతను కూల్చాలనీ అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో వాదించింది ఇందుకే.

‘మనసులు మారకుండా చట్టాలేం చేస్తాయి?’ అని విద్యార్థులు తరచూ అడుగుతారు. రాజ్యాంగం 17వ అధికరణం, 1989 అత్యాచారాల నిరోధక చట్టం మనసులను మార్చడానికి వచ్చినవి కావు. బాధితుణ్ణి కాపాడటానికి వచ్చినవి. అణచేవాడి అంతర్మథనం ముగిసేదాకా అణగినవాడు ఆగనక్కరలేదు. ఇక మనసుల సంగతి. మనసు మారాక నడవడిక మారుతుందని అనుకుంటాం. ఫెస్టింజర్ చూపింది రెండో దారి: నడవడిక ముందు నడిస్తే, సాకు లేనప్పుడు, మనసు వెనకే వస్తుంది.

కనుక చాపకూడును ఆపమని నేను కోరను. దాన్ని ఉత్సవం నుంచి విడదీసి మామూలు రోజుల్లోకి తెమ్మంటాను. హాస్టల్ గదిలో, అద్దె ఇంట్లో, పెళ్లి మాటల్లో. ‘కానీ’ అన్న మాట నోటికి వచ్చిన ప్రతిసారీ దాని తర్వాత చెప్పబోయేది ఎవరి కోసం కల్పిస్తున్నామో యువత తమను తాము అడగాలి. బ్రహ్మనాయుడి వారసులమని చెప్పుకునే హక్కు పల్నాటికి కారంపూడి పంక్తిలో కాక, మరునాటి గడప దగ్గర తేలుతుంది.