చేతి తిమ్మిరిని కొలిచే ప్రశ్నలు

గోదావరి డెల్టాలోని రామచంద్రపురం చుట్టుపక్కల నాట్లు, కలుపు, కోతలు, ఇంటి చాకిరీ అంతా మణికట్టు బలం మీదే నడుస్తుంది. “రాత్రిళ్లు చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోందండీ, విదిలిస్తే కాస్త నయం” అని ఓ అమ్మ చెబితే నీరసమని తీసిపారేయకూడదు. అది కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ కావచ్చు.

మణికట్టు ఎముకలకూ, వాటిపై అడ్డంగా ఉన్న గట్టి పట్టీకీ మధ్య ఒక ఇరుకు దారి ఉంది. వేళ్లను ముడిచే 9 స్నాయుబంధనాలు, మీడియన్ నరం అందులోంచే వెళ్తాయి. అక్కడ వాపు వస్తే నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం మొద్దుబారతాయి. చిటికెనవేలిది వేరే నరం. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారిలో, గర్భిణుల్లో ఈ సమస్య ఎక్కువ.

నరం పనితీరును యంత్రం చెబుతుంది. బాధ ఎంతో రోగే చెప్పాలి. అందుకే 1993లో అమెరికాలోని బోస్టన్‌లో డేవిడ్ లెవిన్ బృందం ఒక ప్రశ్నావళి ప్రచురించింది. లక్షణాల మీద 11 ప్రశ్నలు, పనుల మీద 8. ప్రతి జవాబుకూ 1 నుంచి 5 వరకు అంకె. సగటు ఎక్కువైతే ఇబ్బంది ఎక్కువ. చికిత్సకు ముందూ తర్వాతా అడిగితే గుణం తెలుస్తుంది.

స్పానిష్, టర్కిష్, గ్రీకు వంటి భాషల్లోకి దీన్ని మలిచారు. ఇందుకు మాటలు మార్చితే సరిపోదు. అసలు ప్రశ్నావళి స్పర్శ తగ్గడాన్నీ, సూదులు గుచ్చినట్టుండటాన్నీ విడివిడిగా అడుగుతుంది. మనం రెంటినీ తిమ్మిరనే అంటాం. పుస్తకం పట్టుకోవడం, రాయడం గురించి కూడా అడుగుతుంది. చదువురాని కూలీ వాటిని వదిలేస్తే, సగటు మిగిలిన జవాబులతోనే కడతారు. కొడవలి పట్టలేని ఆమె కష్టం ఆ లెక్కలోకి రాదు.

అందుకే పద్ధతి కట్టుదిట్టంగా ఉంటుంది. ఇద్దరు విడిగా అనువదిస్తారు; రెంటినీ సరిచూసి ఒకటి చేస్తారు. మూలం చూడనివారు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. వైద్యులు, భాషావేత్తలు తేడాలు సరిదిద్దుతారు. తర్వాత 30-40 మంది రోగులను అడిగి, ఏం అర్థమైందో కనుక్కుంటారు. చివరగా, బాధ మారనివారిని కొన్నాళ్లకు మళ్లీ అడిగినప్పుడు అంకెలు నిలకడగా ఉన్నాయో లేదో చూస్తారు.

తెలుగులో ఇలాంటి పని పట్నం ఆసుపత్రులతో ఆగకూడదు. డెల్టా పొలాల్లో పనిచేసే ఆడవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల మాటల్లో ప్రశ్నలు పరీక్షించాలి. మీకూ రాత్రిళ్లు వేళ్లు మొద్దుబారుతుంటే, ఏయే వేళ్లో గమనించి డాక్టరుకు చెప్పండి. ఆలస్యమైతే బొటనవేలి కండ కరిగిపోవచ్చు.