తక్కువ తిరిగిన స్పోర్ట్స్ బైక్ కొత్తదేనా?

సూరత్‌లో ఉధ్నా నుంచి సచిన్ పారిశ్రామిక వాడ వైపు వెళ్లే దారిలో ‘ఉన్’ అనే ప్రాంతం ఉంది. లారీలు, ఆటోలు, షిఫ్టు మారే వేళ రోడ్డెక్కే కార్మికులతో నిండే ఇలాంటి దారుల్లో స్పోర్ట్స్ బైక్ మూడో గేరు దాటడమే కష్టం. అందుకే నగరాల్లో సెకండ్ హ్యాండ్‌కు వచ్చే ఈ బైకుల మీటరు చూస్తే ఆశ పుడుతుంది. ఐదేళ్ల బండి, తిరిగింది ఎనిమిది వేల కిలోమీటర్లే! సూరత్‌లోని లింబాయత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల కుర్రాడికైనా, వరంగల్‌లో డిగ్రీ చదివే కుర్రాడికైనా అమ్మేవాడు చెప్పే మాట ఒకటే: “అసలు తిప్పలేదు, కొత్త బండి కిందే లెక్క.”

మీటరు నిజమే చెబుతుండవచ్చు. కానీ బండితో పాటు ఇచ్చే పుస్తకంలో సర్వీసింగ్ పట్టిక చూడండి. కిలోమీటర్ల పక్కనే నెలలు కూడా ఉంటాయి. రెండింటిలో ఏది ముందొస్తే అదే గడువు. చాలామంది చూడనిది ఆ నెలల లెక్కనే.

మన రోడ్ల మీద బాగా కనిపించే యమహా ఆర్15నే తీసుకుందాం. 2008లో మన మార్కెట్లోకి వచ్చిన ఈ బైక్ నాలుగో తరం 2021లో విడుదలైంది. ఇంజిన్ 155 సీసీ. 10,000 ఆర్‌పీఎం దగ్గర 18.4 పీఎస్ శక్తినిస్తుంది. 97.2 సీసీ హీరో స్ప్లెండర్ 8,000 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చేది సుమారు 8 పీఎస్. ఇంజిన్ పరిమాణం ఒకటిన్నర రెట్లే పెరిగితే శక్తి రెండు రెట్లు దాటింది. శక్తి అంటే టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, తిరిగే వేగంతో గుణించగా వచ్చేదే. చిన్న ఇంజిన్ నుంచి ఎక్కువ శక్తి రాబట్టాలంటే దాన్ని మరింత వేగంగా తిప్పాలి. స్పోర్ట్స్ బైక్ రహస్యంలో సగం ఇదే.

ఆ వేగానికి ఇంజిన్ లోపల ఏం జరుగుతుందో చూడండి. ఆర్15లో పిస్టన్ ఒకసారి కిందికి దిగే దూరం 58.7 మిల్లీమీటర్లు. నిమిషానికి 10,000 చుట్లంటే సెకనుకు 167. ప్రతి చుట్టులోనూ పిస్టన్ పైన ఒకసారి, కింద ఒకసారి పూర్తిగా ఆగి వెనక్కి తిరుగుతుంది. అంటే సెకనులో 333 సార్లు ఆగి మళ్లీ బయలుదేరుతుంది. అలా తిరిగే క్షణంలో దాని త్వరణం భూమ్యాకర్షణ త్వరణానికి 3,000 రెట్లకు పైగా ఉంటుంది. 1340 సీసీ, 190 పీఎస్ సుజుకీ హయబుసాలోనూ ఈ లెక్క దాదాపు ఇంతే వస్తుంది. ఇంత ఒత్తిడిలో లోహాన్ని లోహం తాకకుండా కాపాడేది పలుచని నూనె పొర ఒక్కటే.

పైగా ఈ బైకుల్లో ఇంజిన్‌కు, గేర్‌బాక్సుకు, క్లచ్‌కు ఒకటే నూనె. గేరు పళ్ల మధ్య నలిగి నూనెలోని పొడవైన అణువులు తెగుతాయి, చిక్కదనం తగ్గుతుంది. కారుకు పోసే నూనె ఇందులో పోయకూడదు. ఘర్షణ తగ్గించే రసాయనాలు అందులో ఎక్కువుంటే నూనెలోనే మునిగి పనిచేసే క్లచ్ ప్లేట్లు జారిపోతాయి. డబ్బా మీద ‘జేఏఎస్‌ఓ ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. మరి తిరగని బండికి నూనె ఎందుకు మార్చాలి? ఇంటి నుంచి సందు చివరిదాకా వెళ్లి ఆపేసే బండిలో నూనె సరిగా వేడెక్కదు. మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి, కాలని పెట్రోలు కొంత అందులోనే మిగిలిపోతాయి. దూరం తిరిగిన బండిలో అవి ఆవిరైపోతాయి. చిత్రమే అయినా, తక్కువ తిరిగిన బండి నూనే ఒక్కోసారి ఎక్కువ పాడవుతుంది.

నన్నడిగితే, ప్రాణం మీదికి తెచ్చేది ఇంజిన్ కాదు, బ్రేక్. బండీ మనిషీ కలిపి 210 కిలోలనుకుందాం. 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే సుమారు 81 కిలోజౌళ్ల గతిశక్తి వేడిగా మారాలి. అదంతా ఒక కిలో ఉక్కులోకి చేరితే దాని ఉష్ణోగ్రత 160 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. 50 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే ఆ వేడిలో పావు వంతే. బ్రేక్ మీద బ్రేక్ వేస్తూ పోతే ఈ వేడి డిస్కు నుంచి ప్యాడ్ల మీదుగా బ్రేక్ ఆయిల్‌కు పాకుతుంది.

ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రబ్బరు గొట్టాల గుండా కూడా తేమ మెల్లగా చేరుతుంది. బండి తిరిగినా, నిలబడినా ఇది ఆగదు. డాట్ 4 రకం ఆయిల్ కొత్తలో కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే కుంచించుకుపోదు కాబట్టే చేతి బలం చక్రానికి చేరుతుంది. ఆవిరి కుంచించుకుపోతుంది. లివర్ హ్యాండిల్‌కు తగిలేదాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. అరేబియా సముద్రపు తేమగాలి తగిలే సూరత్‌లోనైనా, కాకినాడ, విశాఖల్లోనైనా రెండేళ్లకోసారి ఈ ఆయిల్ మార్చడం తప్పనిసరి. ఐదేళ్లుగా మార్చని ఆయిల్ సాధారణంగా టీ డికాషన్ రంగుకు తిరిగి ఉంటుంది. హ్యాండిల్ మీది చిన్న అద్దంలోంచి చూస్తే తెలిసిపోతుంది.

వాల్వుల సంగతి మన అనుభవానికి తిరకాసుగా ఉంటుంది. పాత బైకుల్లో వాల్వు వదులైతే టకటకమని మోగేది, మెకానిక్ బిగించేవాడు. హయబుసా వంటి ఇంజిన్లలో వాల్వు కూర్చునే పీట అరిగేకొద్దీ సందు తగ్గుతూ వస్తుంది. చప్పుడు పెరగదు, తగ్గుతుంది. సందు పూర్తిగా పోతే వాల్వు గట్టిగా మూసుకోదు. తన వేడిని పీటకు అందించలేక అంచు కాలిపోతుంది. “ఇంజిన్ ఎంత సైలెంట్‌గా ఉందో చూడండి” అనే మాటకు పొంగిపోనక్కర్లేదు. సందు కొలిచిన సర్వీసింగ్ కాగితం అడగాలి.

పెట్రోలు సంగతి కూడా ఉంది. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే మామూలైంది. దాని ఆక్టేన్ ఎక్కువ కాబట్టి అధిక కంప్రెషన్ ఇంజిన్లకు ఒక రకంగా మంచిదే. కానీ ఇథనాల్ నీటిని కలుపుకుంటుంది. నీరు మరీ ఎక్కువైతే ఆ రెండూ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. వానాకాలమంతా కదలని బండిలో పంపు ముందు లాగేది దాన్నే. 2023కు ముందరి బండైతే రబ్బరు పైపులు ఈ పెట్రోలుకు తగినవో కావో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కనుక్కోవాలి.

కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోసి ఉంటే రేడియేటర్‌లో తుప్పు, సున్నపు పొర తప్పవు. చైన్ వదులుగా ఉండకూడదు, మరీ బిగుతుగానూ ఉండకూడదు. గుంటలో పడి వెనక చక్రం పైకి లేచినప్పుడు బిగుతు చైన్ గేర్‌బాక్స్ బేరింగును లాగేస్తుంది.

ఇక టైర్లు. గాట్లు లోతుగా కనిపించినా రబ్బరు ఎండకు, గాలికి గట్టిపడి పట్టు కోల్పోతుంది. టైరు పక్క భాగంలో చిన్న చట్రంలో నాలుగు అంకెలుంటాయి. 2320 అని ఉంటే అది 2020లో 23వ వారం తయారైనదని అర్థం. బేరం మొదలుపెట్టే ముందు వంగి ఆ అంకెలు చదవండి. అమ్మేవాడు బహుశా ఇంతవరకు చూసి ఉండడు.