పార్కుకు ఆసరా ప్రజలు, యజమాని ప్రభుత్వం

తనకున్న 278 స్టేట్ పార్కుల్లో 70 మూసేస్తున్నట్టు 2011 మేలో కాలిఫోర్నియా ప్రభుత్వం ప్రకటించింది. పార్కుల బడ్జెట్‌లో రెండేళ్లలో 2.2 కోట్ల డాలర్ల కోత పడటమే కారణం. కానీ కొండకూ అడవికీ తాళం వేయలేం. సిబ్బంది వెళ్లిపోయిన చోటికి తలుపులు పగలగొట్టేవాళ్లు వస్తారు, దొంగచాటుగా గంజాయి వేసేవాళ్లు వస్తారు. నిప్పు రాజుకున్నా వెంటనే చూసేవాళ్లుండరు. మూత అంటే ఖర్చు తగ్గడం కాదు, రేపటికి పెరగడం.

అప్పుడు స్థానిక స్వచ్ఛంద సంస్థలు ముందుకొచ్చాయి. అంతవరకూ వాళ్ల పని సందర్శకులకు విశేషాలు చెప్పడం, కాలిబాటల్లో పొదలు కొట్టడం. పార్కు మొత్తాన్నీ లాభాపేక్ష లేని సంస్థ నడిపేందుకు ఆ అక్టోబరులో ఏబీ 42 చట్టం దారి చూపింది. నేల ప్రభుత్వానిదే, మూతపడే ముప్పున్న పార్కులకే ఈ ఏర్పాటు.

సొనోమా కౌంటీలో రచయిత జాక్ లండన్ పేరిట ఉన్న పార్కు 2012లో అలా చేతులు మారింది. ఆ రచయిత సాగుచేసిన పొలం, 1916లో కన్నుమూసిన ఇల్లు, అంతకు మూడేళ్ల ముందు కాలిపోయిన వోల్ఫ్ హౌస్ అనే ఆయన మరో ఇంటి రాతిగోడలు అన్నీ అక్కడే ఉన్నాయి. నడపడమంటే చరిత్ర చెప్పడం ఒక్కటే కాదు. టాయిలెట్లు కడగాలి, నీళ్ల పైపులు చూడాలి, పాత కప్పులు కారకుండా కాయాలి, గేటు దగ్గర రుసుము వసూలు చేయాలి. శిథిలమైన వైనరీ గోడల మధ్య సంగీత ప్రదర్శనలు పెట్టి, టికెట్ల సొమ్ములో కొంత పార్కుకు మళ్లించారు. ఇది మంచి ఆలోచనే. అయితే పేరున్న రచయిత, డబ్బున్న ఇరుగుపొరుగు లేని పార్కుకు ఈ దారి దొరకదు. నా బెంగంతా అలాంటి పార్కుల గురించే.

దగ్గర్లో ఉన్న షుగర్‌లోఫ్ రిడ్జ్‌ను కొన్ని సంస్థలు జట్టుకట్టి తీసుకున్నాయి. అక్కడ గుడారాలు వేసుకునే చోటు ఉంది కాబట్టి రోజువారీ రాబడి ఉంది. 2017 కార్చిచ్చులో ఆ పార్కులో చాలా భాగం కాలిపోయింది. అంత నష్టాన్ని విరాళాలతో పూడ్చమనడం అన్యాయం. రోజువారీ నిర్వహణ సంఘానిది కావచ్చు. పెద్ద మరమ్మతు, విపత్తు మాత్రం యజమాని భరించాల్సినవి. హైదరాబాద్‌లో కాలనీ పార్కును నివాసుల సంఘానికి అప్పగించేటప్పుడు కూడా బోరు మోటారు కాలిపోతే డబ్బెవరిది, బయటి కాలనీ పిల్లలను రానిస్తారా అన్నవి కాగితం మీదికి ఎక్కాలి.

అసలు దెబ్బ అంతకు చాలా ముందే, 2012 జూలైలో తగిలింది. పార్కుల శాఖ లెక్కల్లో చూపని 5.4 కోట్ల డాలర్లు బయటపడ్డాయి. డైరెక్టర్ రాజీనామా చేశారు. పార్కులు మూతపడతాయని నమ్మి జేబులోంచి తీసి ఇచ్చినవాళ్ల కోపం సబబైనదే. ఆ సెప్టెంబరులో శాసనసభ నిర్ణయం చట్టమైంది: రెండేళ్లపాటు ఏ పార్కూ మూయకూడదు, ఆదుకున్న సంస్థలు తెచ్చే సొమ్ముకు సరిసమానంగా ఇచ్చేందుకు ప్రభుత్వం కోటి డాలర్లు పక్కన పెట్టాలి. ఆ వాటా మొదటి ఒప్పందాల్లోనే ఉండాల్సింది.