మూడు కొలువుల ఓడ

1927లో మద్రాసు ప్రభుత్వం ఒక ఆవిరి ఓడను పనిలోకి దింపింది. దాని పేరు లేడీ గోషెన్. అప్పటి గవర్నర్ వైకౌంట్ గోషెన్ భార్య పేరు అది. ఆ ఓడ సరుకు మోయలేదు, ప్రయాణికులను ఎక్కించుకోలేదు. పెద్ద వల ఒకటి సముద్రం అడుగున ఈడ్చుకుంటూ తిరిగింది. ఎక్కడ ఎన్ని బారల లోతు, అడుగున ఇసుకా, బురదా, రాయా, ఏ చోట ఏ చేప ఎంత పడింది అన్నది కనుక్కోవడమే దాని పని. 1927-28లో జరిగిన ఆ సర్వే ఫలితాలు మత్స్యశాఖ అధిపతి బి. సుందరరాజ్ నివేదికగా మద్రాస్ ఫిషరీస్ బులెటిన్‌లో అచ్చయ్యాయి.

లేడీ గోషెన్ వంటి ఆవిరి ట్రాలర్లు ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో మూడు రకాల కొలువులు చేశాయి. చేపలు పట్టాయి, యుద్ధంలో సముద్రపు మైన్లను ఏరాయి, ఎవరూ చూడని సముద్రపు నేలను కొలిచాయి. మొదటి రెండు కొలువుల గురించి యూరప్‌లో పుస్తకాలే ఉన్నాయి. మన తీరానికి మాత్రం మూడోదే ముఖ్యం. ఆ ఓడలు మనకు ఇచ్చి వెళ్లిన విలువైన ఆస్తి చేప కాదు, లెక్క.

ఈ యంత్రం పుట్టింది ఇంగ్లండ్ తూర్పు తీరంలో. తెరచాప పడవలు గాలి ఉంటేనే వల ఈడ్చగలిగేవి. 1881లో గ్రిమ్స్‌బీ రేవు నుంచి జోడియాక్ అనే ఆవిరి ట్రాలర్ బయలుదేరాక ఆ ఇబ్బంది తీరింది. బాయిలర్లో నేలబొగ్గు మండుతుంది. తర్వాత వచ్చిన ఓడల్లో ఆవిరి మొదట చిన్న సిలిండర్లోకి, అక్కడ పని చేశాక మధ్య సిలిండర్లోకి, ఒత్తిడి ఇంకా తగ్గాక అన్నిటికన్నా పెద్దదానిలోకి పోతుంది. ఒకే ఆవిరితో మూడుసార్లు పని చేయించుకునే ఈ ఏర్పాటు వల్ల తక్కువ బొగ్గుతో ఎక్కువ దూరం పోవడం సాధ్యమైంది. అదే బాయిలర్ డెక్కు మీద ఉన్న వించ్‌నూ తిప్పుతుంది. వించ్‌కు రెండు పెద్ద చుట్టలు, ఒక్కో చుట్ట మీద వందల బారల ఇనుప మోకు. మనుషుల భుజబలంతో పైకి రాని బరువును ఆ వించ్ లాగి పడేస్తుంది.

వల నోరు తెరిచి ఉంచడం మరో చిక్కు. మొదట్లో నలభై, యాభై అడుగుల దూలం ఒకటి వల మూతికి అడ్డంగా కట్టేవారు. 1890లలో స్కాట్లండ్‌లోని గ్రాంటన్‌లో దూలం బదులు రెండు చెక్క పలకలు వచ్చాయి. ఇనుప పట్టీలు బిగించిన ఈ పలకలను మోకుకు ఏటవాలుగా కడతారు. ఓడ ముందుకు పోతుంటే నీరు పలకను తోసి పక్కకు నెడుతుంది, గాలి ఏటవాలుగా తగిలి గాలిపటాన్ని లేపినట్టు. కుడి పలక కుడికి, ఎడమ పలక ఎడమకు పోవడంతో వల నోరు దానంతటదే విచ్చుకుంటుంది. వీటిని ఆటర్ బోర్డులంటారు. ఈ రెండు పలకలే ట్రాలర్‌ను యుద్ధంలోకి తీసుకుపోయాయి.

నీటిలో కట్టిన మైను ఎలా ఉంటుందో చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. అడుగున ఒక బరువు, దానికి కట్టిన ఇనుప తాడు, తాడు చివర నీటిమట్టానికి కొంచెం కింద తేలే బోలు గుండు. గుండు మీది కొమ్ముకు ఓడ తగిలితే పేలుతుంది. దీన్ని ఏరాలంటే నీటిలో ఒక తీగను ఈడ్చి ఆ తాడును పట్టుకోవాలి, తెంపాలి. నీటి అడుగున బరువైన తీగను ఈడ్చే వించ్, ఆ పని తెలిసిన మనుషులు అప్పటికే చేపల రేవుల్లో ఉన్నారు. ఈ సంగతి గుర్తించి బ్రిటిష్ నౌకాదళం 1910లో జాలరులతో ప్రత్యేక రిజర్వు దళం ఏర్పాటు చేసింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే వందల ట్రాలర్లు వలలు ఒడ్డున దించేసి ఫిరంగులు ఎక్కించుకున్నాయి. రెండు ఓడలు పక్కపక్కన నడుస్తూ మధ్యలో తీగ ఈడుస్తాయి. తాడు తెగిన మైను పైకి తేలుతుంది. దాన్ని తుపాకులతో కాల్చి ముంచుతారు. తర్వాత ఒరొపేసా అనే ట్రాలర్ మీద ప్రయోగాలు చేసి ఒక్క ఓడే ఈ పని చేసుకునే పద్ధతి కనిపెట్టారు. తీగను పక్కకు నెట్టి ఉంచేది మళ్లీ ఆటర్ పలకల సూత్రమే. ఆ పద్ధతికి ఓడ పేరే స్థిరపడింది.

ఈ ప్రమాదం మన సముద్రాలకూ వచ్చింది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ నౌక మద్రాసు మీద గుండ్లు కురిపించి నూనె ట్యాంకులు తగలబెట్టిన కథ తమిళులకూ తెలుగువారికీ తెలిసిందే. సుమారు రెండున్నరేళ్లకు వోల్ఫ్ అనే మరో జర్మన్ ఓడ చడీచప్పుడు లేకుండా వచ్చి కొలంబో, బొంబాయి రేవుల ఎదుట మైన్లు పరిచి పోయింది. 1917 ఫిబ్రవరిలో కొలంబో దగ్గర వూస్టర్‌షైర్, అదే ఏడాది జూన్ 23న బొంబాయి దగ్గర మంగోలియా అనే ప్రయాణికుల ఓడ వాటికి తగిలి మునిగిపోయాయి. హిందూ మహాసముద్రపు రేవులకు మైన్లు ఏరే ఓడల అవసరం అప్పుడు బాగా తెలిసివచ్చింది.

చేపల కంపెనీల దగ్గర అద్దెకు తీసుకున్నవి చాలక బ్రిటిష్ నౌకాదళం తానే వందల ట్రాలర్లు కట్టించింది. అప్పటికే పనిలో ఉన్న మూడు మంచి చేపల ఓడల నమూనాలు తీసుకుని మెర్సీ, కాజిల్, స్ట్రాత్ అని మూడు తరగతులు చేసింది. కాజిల్ తరగతి ఓడ పొడవు సుమారు 125 అడుగులు, వేగం పది నాట్లు. యుద్ధం ముగిశాక అమ్ముకోవచ్చని చేపల గది, వించ్ పెట్టుకునే వీలు ముందే ఉంచారు. ఇన్ని ఓడలకు పేర్లు వెతకడం కష్టమై, 1805లో ట్రఫాల్గర్ యుద్ధం చేసిన విక్టరీ, రాయల్ సావరిన్ నౌకల హాజరుపట్టీల నుంచి మామూలు నావికుల పేర్లు తీసి పెట్టారు. అలా నూరేళ్ల కింద తుపాకిమందు మోసినవాళ్ల పేర్లు ఓడల ముక్కుల మీదికి ఎక్కాయి.

1919 నుంచి ఇవి అమ్మకానికి వచ్చాయి. యుద్ధం చేసి వచ్చిన ట్రాలర్లకు ఎంత చిత్రమైన బతుకులు దక్కాయో వయోలా కథ చెబుతుంది. 1906లో బెవర్లీలో కట్టిన ఈ చేపల ఓడ యుద్ధంలో జలాంతర్గాములను వేటాడింది. తర్వాత నార్వేకు పోయి డియాస్ అని పేరు మార్చుకుంది. లేడీ గోషెన్ మద్రాసు నీళ్లలో వల దించిన 1927లోనే అది దక్షిణ ధ్రువ సముద్రపు అంచున ఉన్న సౌత్ జార్జియా దీవికి చేరి సీల్ వేటలో పనిచేసింది. ఈనాటికీ అక్కడి గ్రీట్‌వికెన్ ఒడ్డున, తన ఆవిరి ఇంజన్‌తో సహా ఉంది.

ఇండియాకు వచ్చినవాటిలో విలియం క్యారిక్ ఒకటి. యుద్ధకాలపు ట్రాలర్ల కుటుంబానికి చెందిన ఈ ఓడతో 1921-22లో బొంబాయి ప్రభుత్వం ప్రయోగాలు చేసింది. అంతకుముందు 1908-09లో బెంగాల్ ప్రభుత్వం గోల్డెన్ క్రౌన్ అనే ట్రాలర్‌తో బంగాళాఖాతం గాలించింది. రెండు చోట్లా చేప పడింది. రెండు చోట్లా వ్యాపారం మాత్రం నిలవలేదు.

కారణాలు సముద్రంలో కంటే ఒడ్డు మీదే ఎక్కువ. ఆవిరి ట్రాలర్ ఒక్కసారి బయలుదేరాలంటే బాయిలర్ వేడెక్కడానికే గంటలు పడుతుంది. ఓడ పొట్టలో సగం బొగ్గుకూ బాయిలర్‌కూ పోతుంది. మద్రాసుకు బొగ్గు బెంగాల్ గనుల నుంచి రావాలి. ఇంగ్లండ్‌లో ట్రాలర్ ఒడ్డుకు చేరేసరికి మంచు, రైలు, వేలంపాట సిద్ధంగా ఉంటాయి. మన ఎండకు పట్టిన చేప పూట గడిస్తే పాడవుతుంది. మిగిలిన చేపను ఉప్పు పట్టి ఎండబెట్టడమే ఇక్కడి పద్ధతి. అందుకే మద్రాసు మత్స్యశాఖకు 1907లో పునాది వేసిన సర్ ఫ్రెడరిక్ నికల్సన్ ఆవిరి ఓడల కంటే ఊరి పడవల మీద, ఉప్పు పట్టే యార్డుల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాడు. తెప్ప మీద పోయే జాలరికి బొగ్గు ఖర్చు లేదు, రేవు అవసరం లేదు. అల విరిగే చోటు నుంచే బయలుదేరి, తెల్లారేసరికి తిరిగి వస్తాడు.

భౌగోళిక స్థితి కూడా మద్రాసుకు కలిసిరాలేదు. ట్రాలర్ పని ఖండతీరపు అరుగు మీదే, అంటే తీరం నుంచి వంద బారల లోతు దాకా మెల్లగా దిగే నేల మీదే సాగుతుంది. బొంబాయి ఎదుట ఈ అరుగు వందల కిలోమీటర్లు పరుచుకుంది. మద్రాసు ఎదుట కొన్ని పదుల కిలోమీటర్లకే తెగి అగాధంలో పడుతుంది. కన్యాకుమారికి దక్షిణాన మాత్రం అరుగు మళ్లీ వెడల్పవుతుంది. అక్కడున్నదే వాడ్జ్ బ్యాంక్. రెండు సముద్రాల నీళ్లు కలిసే ఆ మెరక మీద చేప విస్తారంగా ఉందని 1920లలో సిలోన్ (నేటి శ్రీలంక) ప్రభుత్వపు సర్వేలు, లేడీ గోషెన్ సర్వే తేల్చాయి.

ఆ సమాచారం ఎంత దూరం పోయిందో చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సిలోన్ ప్రభుత్వం రాగ్లాన్ కాజిల్ అనే ఆవిరి ట్రాలర్‌ను వాడ్జ్ బ్యాంక్‌లో చేపల వేటకు నడిపింది. నౌకాదళపు కాజిల్ తరగతికి మూలమైన నమూనా ఓడ పేరు కూడా రాగ్లాన్ కాజిలే. ఆ మెరక చివరికి భారత్, శ్రీలంకల మధ్య ఒప్పందంలో అంశమైంది. 1976 మార్చి ఒప్పందంతో వాడ్జ్ బ్యాంక్ మీద హక్కు భారతదేశానికి దక్కింది. శ్రీలంక ఓడలకు కొద్ది సంవత్సరాల గడువు ఇచ్చి తర్వాత ఆపేశారు.

రెండో యుద్ధంలో పాత కథ కొత్త పేర్లతో నడిచింది. బ్రిటిష్ నౌకాదళపు బాసెట్ నమూనాతో రాయల్ ఇండియన్ నేవీ కోసం ఇక్కడి షిప్‌యార్డుల్లోనే ట్రాలర్లు కట్టారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడి, మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచిన రోజులవి. తూర్పు తీరపు ప్రతి రేవుకూ కాపలా కావలసి వచ్చింది. 1947 విభజనలో నౌకాదళాన్ని పంచుకున్నప్పుడు ఈ ట్రాలర్లనూ పంచారు. నాసిక్, కలకత్తా, కొచ్చిన్, అమృత్‌సర్ మనకు వచ్చాయి. రాంపూర్, బరోడా పాకిస్తాన్‌కు పోయాయి.

యుద్ధం మిగిల్చిన ఆకలి చేప మీదికి దృష్టి మళ్లించింది. 1946లో బొంబాయిలో డీప్ సీ ఫిషింగ్ స్టేషన్ మొదలైంది. దాని తొలి ఓడ మీనా, మైన్లు ఏరే ఓడను చేపల వేటకు మార్చగా వచ్చినది. 1947లో సెంట్రల్ మెరైన్ ఫిషరీస్ పరిశోధన సంస్థ మద్రాసులో పుట్టింది. అంతటితో ఆవిరి యుగం ముగింపుకు వచ్చింది. డీజిల్ ఇంజన్‌కు బొగ్గు గది వద్దు, బొగ్గు వేసే మనిషి వద్దు. తాళం తిప్పిన నిమిషాల్లో కదులుతుంది. ఇండో-నార్వేజియన్ పథకం, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ నిపుణుల సాయంతో 1950లలో చిన్న మర పడవలు వచ్చాయి. 1960లలో రొయ్యకు విదేశీ ధర పలకడంతో అవి వందలై, వేలయ్యాయి. నూట పాతిక అడుగుల ఆవిరి ఓడ చేయలేని పనిని ముప్పై, నలభై అడుగుల చెక్క పడవ చేసింది. చెన్నై కాసిమేడు రేవులో కట్టి ఉన్న ట్రాలర్ల వెనుక వేలాడే రెండు పలకలు గ్రాంటన్‌లో పుట్టిన ఆటర్ పలకల వారసులే.

పడవలు పెరిగేకొద్దీ తగవులూ పెరిగాయి. 1970లలో మద్రాసు తీరంలో తెప్పలవారికీ మర పడవలవారికీ ఘర్షణలు జరిగాయి. 1983 తమిళనాడు చట్టం తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ల లోపల ట్రాలింగ్ నిషేధించింది. ఇప్పుడు తూర్పు తీరమంతా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట విరామం ఉంది. ఆ నిషేధం ఆంధ్ర తీరానికీ వర్తిస్తుంది. చేప తగ్గిందా, ఎంత తగ్గింది, అడుగు నేల ఎంత చెదిరింది అన్న ప్రశ్నలు ప్రతి ఏటా లేస్తాయి. జవాబు చెప్పాలంటే ముందటి లెక్క కావాలి.

ఆ ముందటి లెక్క ఉన్నది ఈ పాత ఓడల నివేదికల్లోనే. గోల్డెన్ క్రౌన్, విలియం క్యారిక్, లేడీ గోషెన్ వల దించిన నాటికి మన సముద్రపు అడుగున యంత్రపు వలలు దాదాపు తిరగలేదు. ఎన్ని గంటలు ఈడ్చితే ఎంత టేకు చేప, ఎంత సొర, ఎంత గులివింద పడ్డాయో వాళ్లు రాసిపెట్టినది మనిషి యంత్రం ఇంకా పెద్దగా ముట్టని నేల గురించిన సాక్ష్యం. ఇప్పుడు ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా ఓడలు చెన్నై, విశాఖ స్థావరాల నుంచి అదే పద్ధతిలో, గంటల లెక్కన వల ఈడ్చి, లోతు వారీగా బరువులు తూస్తున్నాయి. ఆ కొత్త అంకెల పక్కన నూరేళ్ల కిందటి అంకెలు పెట్టి చూడగలగాలి. ఆ బులెటిన్ల పట్టికలను ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కించి, పాత బారలను మీటర్లలోకి, పాత పేర్లను శాస్త్రీయ నామాల్లోకి మార్చి, కాసిమేడు, విశాఖ మత్స్యకార సంఘాల చేతికి కూడా ఇవ్వాలి. నిషేధం ఎన్ని రోజులుండాలి, ఏ మెరకను కొన్నేళ్లు వదిలేయాలి అని మాట్లాడేటప్పుడు అటు అధికారికీ ఇటు జాలరికీ ఒకే లెక్క ముందుండాలంటే ఈ పని జరగాలి.