కొత్త ఏసీ కొంటున్నారా? ముందు మీ ఇంటి కరెంట్ లోడ్ లెక్క ఇలా వేసుకోండి

మే నెలలో మా ఇంటికి రెండో ఏసీ వచ్చింది. స్టార్ రేటింగ్, కంప్రెసర్, వారంటీ అన్నీ చూసి కొన్నాను. ఇంటి మీటర్ ఎంత లోడ్‌కి ఉందో మాత్రం చూడలేదు. మూడో రోజు రాత్రి రెండు ఏసీలు నడుస్తున్నాయి, ఇండక్షన్ స్టవ్ మీద వంట అవుతోంది, స్కూటర్ ఛార్జింగ్‌లో ఉంది. కాసేపటికి మెయిన్ ఎంసీబీ పడిపోయి ఇల్లంతా చీకటి!

వచ్చిన ఎలక్ట్రీషియన్ "25 యాంప్స్‌ది తీసేసి 40 వేస్తే సరిపోద్ది సార్" అన్నాడు. నేను వద్దన్నాను. ఎందుకంటే ఎంసీబీ ఉన్నది గోడలోని వైరును కాపాడటానికి. మా మీటర్ నుంచి వచ్చే వైరు 4 స్క్వేర్ ఎంఎం. దానిలో 35 యాంప్స్ వెళ్తే వైరు వేడెక్కుతుంది, కానీ 40 యాంప్స్ ఎంసీబీ మాత్రం కదలదు. మంటలు మొదలయ్యేది ఇలాంటి చోటే.

మరి ఏం చేయాలి? లెక్క వేయాలి. పెద్ద కష్టం కాదు.

స్టెప్ 1: అన్నీ రాసుకోండి

ప్రతి వస్తువు వెనక స్టిక్కర్ మీద వాట్స్ ఉంటాయి. మా ఇంటి లిస్ట్ ఇది:

- 1.5 టన్ ఏసీలు 2: 3,200
- గీజర్: 2,000
- ఇండక్షన్ స్టవ్: 2,000
- 1 హెచ్‌పీ నీళ్ల మోటార్: 1,000
- స్కూటర్ ఛార్జర్: 800
- మిక్సీ: 750
- వాషింగ్ మెషీన్: 500
- ఫ్యాన్లు 4: 300
- లైట్లు, టీవీ, వైఫై, ల్యాప్‌టాప్: 300
- ఫ్రిజ్: 200

1 హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా అనుకోవచ్చు. అది మోటార్ ఇచ్చే పవర్. తీసుకునేది అంతకంటే ఎక్కువ.

మొత్తం 11,050 వాట్లు, అంటే సుమారు 11 కిలోవాట్లు. మా మీటర్ లోడ్ 3 కిలోవాట్లు!

స్టెప్ 2: ఒకేసారి ఏవి నడుస్తాయి?

కంగారు పడకండి. అన్నీ ఒకేసారి ఆన్ చేయం కదా. ఎక్కువ కరెంట్ లాగే సమయం పట్టుకోవాలి. మా ఇంట్లో అది ఎండాకాలం రాత్రి 8 గంటలు: ఏసీలు, స్టవ్, స్కూటర్, ఫ్యాన్లు, లైట్లు వగైరా, ఫ్రిజ్ కలిపి 6,800 వాట్లు.

స్టెప్ 3: యాంప్స్‌లోకి మార్చండి

సింగిల్ ఫేజ్ అయితే వాట్స్‌ని 230తో భాగించాలి. 6,800 ÷ 230 = 29.6 యాంప్స్. 25 యాంప్స్ ఎంసీబీ పడిపోవడంలో తప్పేం లేదు. అది తన పని తాను చేసింది.

స్టెప్ 4: టైమ్ మార్చి చూడండి

వంట అయ్యేదాకా ఒక ఏసీయే వేసి, స్కూటర్‌ని 11 తర్వాత ఛార్జింగ్ పెడితే? వంట టైమ్‌లో 4,400 వాట్లు. పడుకున్నాక రెండు ఏసీలు, స్కూటర్‌తో కలిపి 4,800. అంటే 21 యాంప్స్. 7 కిలోవాట్ల దాకా వెళ్లకుండా 5తో పని అయిపోయింది. పొద్దున కూడా అంతే, గీజర్ ఆపాకే స్టవ్, ఆ తర్వాతే మోటార్.

నేను 5 కిలోవాట్ల లోడ్‌కి అప్లై చేశాను. డెవలప్‌మెంట్ ఛార్జీలు, డిపాజిట్ కట్టాలి, ఫిక్స్‌డ్ ఛార్జీ కూడా లోడ్‌ని బట్టి పెరుగుతుంది. అందుకే అవసరానికి మించి తీసుకోవద్దు. మీటర్ వైరు 10 స్క్వేర్ ఎంఎంకి మార్చాకే 32 యాంప్స్ ఎంసీబీ వేయించాను. ఈ వరుస తిరగబడకూడదు.

ఎలక్ట్రిక్ కారు కొంటే?

7.4 కిలోవాట్ల వాల్ ఛార్జర్ ఒక్కటే 32 యాంప్స్ లాగుతుంది. ఇక టైమ్ మార్చినా లాభం లేదు, త్రీ ఫేజ్ గురించి ఆలోచించాల్సిందే. త్రీ ఫేజ్‌లో 9 కిలోవాట్లు సమానంగా పంచితే ఫేజ్‌కి 13 యాంప్సే. కానీ రెండు ఏసీలూ, గీజరూ ఒకే ఫేజ్ మీద పెడితే మళ్లీ మొదటికొస్తుంది.

మీ కరెంట్ బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతో ఇప్పుడే చూడండి. ఏసీ ఆర్డర్ ఆ తర్వాత పెట్టొచ్చు.