మిల్లీమీటరు మందం చర్మం

పాత డాబాను చూడడానికి వచ్చిన మేస్త్రీ అనుభవం ఉన్నవాడైతే ముందు మరకలు వెతుకుతాడు, పగుళ్ల సంగతి తరువాత. నడివేసవిలో ఎక్కినా సరే, కిందటి వానాకాలం నీళ్లు ఎక్కడెక్కడ నిలిచాయో డాబా మీద కనిపిస్తూనే ఉంటుంది: గుండ్రంగా ఎండిన బురద అంచు, నల్లబడిన పాచి, ఏసీ యూనిట్ల కింద తెల్లటి ఉప్పు పొర. ఆ మరకలను చదవగలిగితే ఆ కప్పుకు ఏ పూత వేయాలో సగం తేలిపోయినట్టే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా బంధువులకు ఒక బట్టల దుకాణం ఉంది. మూడంతస్తుల సొంత భవనం, సుమారు 5,000 చదరపు అడుగుల శ్లాబు. పైఅంతస్తు గోడలకు నెమ్ము దిగి చీరల బేళ్లు తడుస్తున్నాయని కొన్నేళ్ల కిందట పైన తెల్లటి పూత వేయించారు. మొదటి ఏడాది కళ్లు చెదిరేలా ఉంది. రెండో వానాకాలం గడిచేసరికి నైరుతి మూల పొక్కులు లేచాయి. గోటితో లాగితే పాల మీద మీగడలా పొర మొత్తం చేతికొచ్చింది. విచిత్రమేమంటే మిగతా డాబా అంతా ఏ లోపమూ లేకుండా ఉంది. అదే డబ్బా, అదే కూలీ, అదే రోజు వేసిన పూత. ఆ మూలలో మాత్రమే ఎందుకు ఓడిపోయింది? ఈ ప్రశ్న పట్టుకునే నేను పూతల పుట్టుపూర్వోత్తరాలు చదవడం మొదలుపెట్టాను.

కప్పుకు చర్మం తొడగడం మన దగ్గర సిమెంటు కన్నా చాలా పాత విద్య. మద్రాసు టెర్రస్ అని పేరుపడ్డ కప్పుల్లో టేకు దూలాల మీద ఇటుకలను నిలువుగా పేర్చి, పైన సున్నం, ఇటుక ముక్కలు కలిపిన గచ్చు పరిచేవారు. కూలీలు వరుసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి దాన్ని కొట్టేవారు. కొడుతూ కొడుతూ కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లేవారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. వెంట్రుకవాసి చీలిక పడితే, వాన నీటిలో కరిగిన సున్నమే అందులో పేరుకుని కొంతవరకు పూడుస్తుంది కూడా. తరువాత ఇనుప కమ్మీల కాంక్రీటు శ్లాబు వచ్చింది. 30 మీటర్ల శ్లాబు 40 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 12 మిల్లీమీటర్లు సాగుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. రాయిలాంటి సున్నం పొర ఆ కదలికకు తట్టుకోలేదు. తారు కొంతకాలం ఆ పని చేసింది. కానీ ఎండకు ఆక్సీకరణ చెంది పెళుసెక్కి, మొసలి వీపులా పగులుతుంది. పైగా నలుపు కాబట్టి ఎండనంతా కిందికి దింపుతుంది. కావలసింది నీటిని ఆపే, శ్లాబుతో పాటు సాగే, ఎండకు చావని చర్మం.

మొదటి జవాబు జర్మనీ నుంచి వచ్చింది. ఓటో రోమ్ అనే రసాయన శాస్త్రవేత్త 1901లో యాక్రిలిక్ పదార్థాల మీద సిద్ధాంత వ్యాసం రాశాడు. దాని ఫలం కప్పుల మీదికి చేరడానికి అర్ధ శతాబ్దం పైనే పట్టింది. 1953లో రోమ్ అండ్ హాస్ కంపెనీ అమెరికాలో పూర్తి యాక్రిలిక్ ఎమల్షన్‌ను రంగుల తయారీదారులకు అందించింది. చూడడానికి పాలలా ఉండే ఆ ద్రవంలో కంటికి కనిపించని ప్లాస్టిక్ గోళాలు నీటిలో తేలుతుంటాయి. నీరు ఆవిరవుతున్నకొద్దీ అవి దగ్గరకు జరుగుతాయి, ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి, చివరికి కలిసిపోయి సాగే పొర అవుతాయి. వాసన తక్కువ, చేతులు నీళ్లతో కడుక్కుంటే పోతుంది, ధరా అందుబాటులో ఉంటుంది. ఎండకు కూడా బాగా నిలుస్తుంది. బలహీనత ఒక్కటే. రోజుల తరబడి నీళ్లలో నానితే ఆ పొర నీటిని పీల్చి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, కింద కాంక్రీటును పట్టుకున్న పట్టు వదులుతుంది. వాన కురిసి జారిపోయే చోట ఏళ్ల తరబడి ఉంటుంది. నిలిచే చోట ఉండదు. మా వాళ్ల నైరుతి మూలలో జరిగింది అచ్చంగా ఇదే.

రెండో జవాబు కథ నాకు మరీ ఇష్టం. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ కిపింగ్ అనే ఆచార్యుడు దాదాపు నాలుగు దశాబ్దాలు సిలికాన్ మూలకంతో సేంద్రియ సమ్మేళనాలు చేశాడు. కీటోన్లను పోలినవి దొరుకుతాయనుకుని వాటికి సిలికోన్లు అని పేరు పెట్టాడు. ఆయన ఆశించిన స్ఫటికాలకు బదులు గాజు పాత్రల అడుగున జిగట ముద్దలు మిగిలేవి. వాటిని ఆయన అడ్డంకిగానే చూశాడు. 1937లో అచ్చయిన తన రాయల్ సొసైటీ ఉపన్యాసంలో, ఈ శాఖలో త్వరలో పెద్ద ముందడుగు పడుతుందన్న ఆశ తనకు లేదన్న భావం వెలిబుచ్చాడు. అప్పటికే అమెరికాలో కార్నింగ్ గాజు కంపెనీలో ఫ్రాంక్లిన్ హైడ్ ఆ జిగట ముద్దల్లోనే ఉపయోగం వెతుకుతున్నాడు. 1943లో డౌ కార్నింగ్ సంస్థ పుట్టింది. ఎత్తున ఎగిరే యుద్ధ విమానాల ఇంజన్లలో తేమ చేరకుండా ఆపే లేపనం దాని తొలి సరుకుల్లో ఒకటి. కిపింగ్ 1949లో కన్నుమూశాడు. తాను పారబోసిన జిగురు లోకానికి పనికొస్తుందని చూసేంత కాలం ఆయన బతికి ఉన్నాడని తెలిసినప్పుడు నాకు సంతోషం కలిగింది.

ఆ జిగురు బలం దాని వెన్నెముకలో ఉంది. సిలికాన్, ఆక్సిజన్, సిలికాన్, ఆక్సిజన్ అంటూ సాగే గొలుసు అది. ఇసుకలో, గాజులో ఉన్న బంధమే. మామూలు ప్లాస్టిక్కుల్లోని కార్బన్ గొలుసులను ఎండలోని అతినీలలోహిత కిరణాలు మెల్లమెల్లగా తెంపుతాయి. దీన్ని అంత తేలికగా తెంపలేవు. సిలికోన్ పూత గాలిలోని తేమను తీసుకుని గట్టిపడుతుంది, గట్టిపడ్డాక నిలిచిన నీటిని లెక్కచేయదు. అయితే దీనికీ గుణదోషాలున్నాయి. దుమ్మును పట్టి ఉంచుతుంది, తడిస్తే కాలు జారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, దాని మీద సిలికోన్ తప్ప మరేదీ అంటదు. ఒకసారి వేశారంటే ఆ డాబాను జీవితాంతం దానికే రాసిచ్చినట్టు.

మూడోది పాలీయురేథేన్, 1937లో జర్మనీలోని లెవర్‌కూసెన్‌లో ఓటో బేయర్ బృందం కనిపెట్టింది. ఇది గట్టి పిండం. ఏసీ మెకానిక్కులు, కేబుల్ వాళ్లు రోజూ తిరిగే బాటల్లో అరుగుదలకు ఇదే నిలుస్తుంది. ఎండకు పచ్చబడే రకం ఒకటుంది కాబట్టి పైపొరకు ఎండను తట్టుకునే రకమే అడగాలి.

మరి ఏది కొనాలి? నా మటుకు నేను ముందు వాటం, అంటే డాబా వాలు, చూడమంటాను. ఏ పూతా వాటాన్ని సరిచేయదు. నీటి గొట్టం వైపు వాలు పోయేలా నీరు నిలిచే మూల చెక్కి, సిమెంటుతో ఎత్తుపల్లాలు సర్దగలిగితే యాక్రిలిక్ చాలు, డబ్బూ మిగులుతుంది. పైన టవర్లూ యంత్రాలూ ఉండి వాటం ముట్టుకునే వీలు లేకపోతేనే సిలికోన్.

శ్లాబు లోపలి తడి సంగతి ఇంకా ముఖ్యం. 18 అంగుళాల చదరం పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో డాబాకు అంటించి కనీసం 16 గంటలు వదిలేయండి. తీసి చూస్తే అడుగున చెమ్మ పట్టి ఉందా, కాంక్రీటు నల్లబడిందా? అయితే ఆ డాబా ఇంకా పూతకు సిద్ధంగా లేదు. లోపలి నీరు ఎండకు ఆవిరై పైకి తన్ని పొక్కులు లేపుతుంది. సుత్తితో తడితే బోలుగా మోగే చోట్లు, పెచ్చులూడి తుప్పు కమ్మీలు బయటపడ్డ చోట్లు ఉంటే ముందు వాటి మరమ్మతు కావాలి. వాటిని పూత కింద దాచడం ప్రాణాలతో చెలగాటం.

ఇక మోసం ఎక్కువగా జరిగేది మందం దగ్గర. లెక్క చాలా సులువు: చదరపు మీటరుకు ఒక లీటరు పోస్తే తడి పొర సరిగ్గా ఒక మిల్లీమీటరు ఉంటుంది. డబ్బాలో ఘనపదార్థం ఘనపరిమాణంలో సగమే అయితే ఆరాక మిగిలేది అర మిల్లీమీటరు. కూలీ మరో బకెట్ నీళ్లు కలిపితే మీరు డబ్బు పెట్టిన చర్మం ఉల్లిపొర అవుతుంది. ఖాళీ డబ్బాలు లెక్కపెట్టుకోవడానికి మొహమాటపడకండి.

తెలుపు వల్ల ఒరిగేదెంతో కొలిచిన ప్రయోగం మన హైదరాబాదులోనే జరిగింది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, ఐఐఐటీ హైదరాబాదు పరిశోధకులు వాణిజ్య భవనాల కప్పుల మీద కొలతలు తీసి 2012లో ఫలితాలు ప్రచురించారు. నల్లటి కప్పును తెల్లగా మారిస్తే ఏడాదికి చదరపు మీటరుకు 20 నుంచి 22 యూనిట్ల కరెంటు ఆదా అవుతుంది. మామూలు కాంక్రీటు కప్పయితే 13 నుంచి 14 యూనిట్లు ఉంటుందని అంచనా. ఏసీలు నడిచే 5,000 చదరపు అడుగుల డాబాకు ఈ కాంక్రీటు కప్పు లెక్క వర్తింపజేస్తే ఏడాదికి 6,000 యూనిట్ల పైనే. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చి ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు చల్లటి కప్పును తప్పనిసరి చేసింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్లు లక్ష్యం. మంచి పని. కానీ దుమ్ము పేరుకుంటే తెల్లదనం మొదటి ఏడాదిలోనే బాగా తగ్గుతుంది. అందుకే అమెరికాలో కూల్ రూఫ్ రేటింగ్ కౌన్సిల్ నమూనాలను మూడేళ్లు ఎండావానల్లో ఉంచి, ఆ తరువాతి విలువను కూడా ప్రకటిస్తుంది. కొనేటప్పుడు కొత్త డబ్బా అంకె పక్కన పాతబడ్డాక వచ్చే అంకె కూడా అడగడం నేర్చుకోవాలి.

ఈ తెలుపుకు ప్రాణం టైటానియం డయాక్సైడు. కాంతిని ఇంతగా వంచి చెదరగొట్టే తెల్లటి పొడి మరొకటి వాడుకలో లేదు. దానికి ముడిసరుకైన ఇల్మనైట్ మన భీమునిపట్నం, కళింగపట్నం తీరాల నల్ల ఇసుకలో ఉంది. 2021లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో షియులిన్ రువాన్ బృందం టైటానియం డయాక్సైడును పక్కనపెట్టి బేరియం సల్ఫేటుతో 98.1 శాతం ఎండను తిప్పికొట్టే రంగు చేసింది. బేరియం సల్ఫేటు అంటే మన ముగ్గురాయే. ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉంది. దానిలో ఎక్కువ భాగం చమురు బావుల తవ్వకానికి పోతుంది. మన డాబాలకు పూతగా తిరిగొచ్చే రోజు చూడాలని నాకు ఆశ.

మా బంధువుల దుకాణం మీద కిందటి వేసవిలో ఆ మూల పూత గీకించి, వాటం సరిచేయించి, పాలిథిన్ పరీక్ష రెండుసార్లు చేసి, ఆరాకే మళ్లీ యాక్రిలిక్ వేయించాం. జూన్‌లో మొదటి పెద్ద వాన వెలిశాక 48 గంటలు ఆగి సుద్దముక్క పట్టుకుని పైకెక్కాను. అప్పటికీ నీరున్న చోట్ల చుట్టూ గీత గీయాలని. పిట్టగోడ పక్కన అన్నం పళ్లెమంత వలయం ఒకటి గీశాను. నైరుతి మూల పొడిగా ఉంది.