కిణ్వము – గృహస్థుని సురాసంధానము

సంస్కృతవాఙ్మయమున మద్యవాచకములు అనేకములు కలవు. సుర, మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, సీధువు, వారుణి మొదలగు పదములకు నిఘంటువులలో తరచుగా లభించు అర్థము ‘ఒక విధమగు మద్యము’ అని మాత్రమే. ఈ అర్థముతో తృప్తిపడినచో ఒక పదమునకును మరియొక పదమునకును గల భేదము తెలియకపోవుటయే గాక, ప్రాచీనులు ధాన్యమును, ఫలరసమును, వృక్షరసమును వేర్వేరు విధముల పులియబెట్టిన శాస్త్రీయదృష్టియు మరుగుపడును. సురాశబ్దమును నేటి ‘సారా’తో సమీకరించుట ఇంతకంటెను పెద్ద పొరపాటు. సారా బట్టీపెట్టి దింపునది. కౌటిల్యుని సురాయోగములలో బట్టీ ప్రసక్తియే లేదు. అవి యన్నియు సంధానములు, అనగా పులియబెట్టినవి. ఈ విషయమున అవి నేటి బీరునకు సన్నిహితములు.

ఆర్. శామశాస్త్రి 1909లో మైసూరునందు ప్రకటించిన అర్థశాస్త్రమున, రెండవ అధికరణము ఇరువదియైదవ అధ్యాయము సురాధ్యక్షునికి సంబంధించినది. సురావ్యాపారము రాజాధీనమైనను కౌటిల్యుడు గృహస్థునకు ఒక వెసులుబాటు కల్పించెను. శుభకార్యములందు కుటుంబులు శ్వేతసురను, ఔషధార్థము అరిష్టమును, ఇతరములను ఇంట తయారుచేసికొనవచ్చును. ఉత్సవములు, సమాజములు, యాత్రలు జరుగు సందర్భములలో నాలుగు దినములు సురాసంధానమునకు అనుమతి ఈయవలెను. అనుమతి లేక చేసినవారు ఉత్సవాంతమువరకు దినమునకింత అని దండము చెల్లింపవలెను. గృహసంధానము నాటి జీవనమున ఒక భాగమనుటకు ఈ నియమములే ప్రమాణము.

ఈ సంధానమునకు మూలద్రవ్యము కిణ్వము. దానిని కౌటిల్యుడు ఇట్లు విధించెను: పచ్చిదియో ఉడికించినదియో అగు మినుముల ముద్ద ఒక ద్రోణము, దానికంటె మూడవ వంతు అధికముగా బియ్యము, మోరటాదిమూలికలు ఒక్కొక్క కర్షము. దీనికి ‘కిణ్వబంధ’ మని పేరు. బంధశబ్దము ముద్దగా కట్టుటను సూచించుచున్నది. ఝార్ఖండు, ఒడిషా ప్రాంతముల ఆదివాసులు బియ్యపుపిండితో మూలికలు చేర్చి ‘రాను’ అను బిళ్ళలు చేసి, వానితో ‘హండియా’ అను బియ్యపు పానీయమును పులియబెట్టుదురు. కిణ్వబంధము ఈ జాతికి చెందినదే. అమరసింహుడు కిణ్వమునకు ‘నగ్నహువు’ను పర్యాయముగా చెప్పెను. నేటి తెలుగు పాఠ్యపుస్తకములలోని ‘కిణ్వన’ శబ్దము ఈ కిణ్వమునుండి ఏర్పడినదే.

యోగములలోని ప్రమాణములను పరిశీలించినచో కిణ్వము చేయు పని విశదమగును. ద్రోణమునకు నాలుగు ఆఢకములు, ఆఢకమునకు నాలుగు ప్రస్థములు. మేదకమునకు నీరు ఒక ద్రోణము, బియ్యము అర్ధాఢకము, కిణ్వము మూడు ప్రస్థములు. అన్నింటిని ప్రస్థములలోనికి మార్చినచో నీరు 16, బియ్యము 2, కిణ్వము 3 అగును. ఇచట బియ్యముకంటె కిణ్వమే ఎక్కువ. కావున మేదకమున కిణ్వము తోడు మాత్రమే కాదు, పులియవలసిన ద్రవ్యము కూడ అదియే. ప్రసన్నకు పిండి పండ్రెండు ఆఢకములు, అనగా 48 ప్రస్థములు. కిణ్వము 5 ప్రస్థములు. ఇచట కిణ్వము పిండిలో ఇంచుమించు పదియవ వంతు, అనగా తోడు మాత్రమే. రెండును ధాన్యసురలే యైనను సంధానక్రమమున ఎంతయో భేదము కలదు.

ధాన్యములోని పిండిపదార్థము తనంత తాను మద్యముగా మారదు. అది ముందు చక్కెరగా మారవలెను, ఆ పిమ్మట ఈస్టు ఆ చక్కెరను మద్యముగా మార్చును. మొదటి మార్పునకు బూజుజాతి సూక్ష్మజీవులు గల తోడు ఒక మార్గము. మొలకెత్తిన ధాన్యము రెండవ మార్గము. బీరు రెండవ మార్గమున ఏర్పడును. ఈ రెండవ మార్గమును వైదికులును ఎరుగుదురు. సౌత్రామణీయాగమున సురకు శష్పములు (మొలకెత్తిన వరి), తోక్మములు (మొలకెత్తిన యవలు), లాజలు, నగ్నహువు చేర్చి మూడు రాత్రులు నిలువ ఉంచుదురు. జర్మనీలోని బవేరియాలో 1516లో వెలువడిన ప్రసిద్ధ శాసనము బీరునకు యవలు, హాప్ పువ్వులు, నీరు మాత్రమే వాడవలెనని చెప్పినది కాని, పులియజేయు ద్రవ్యమును పేర్కొనలేదు. పులియుట సూక్ష్మజీవుల వలన జరుగునని లూయీ పాశ్చర్ 1857 నుండి నిరూపించుచు వచ్చెను. కౌటిల్యునకు సూక్ష్మజీవులు తెలియకున్నను, తోడును ప్రత్యేకద్రవ్యముగా గుర్తించి దాని పాళ్లను నిర్ణయించుట గమనింపదగినది.

దుగ్గిరాల, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు పాఠకునకు ఈ ద్రవ్యములు పరాయివి కావు. డెల్టా మాగాణులలో వరి కోసిన పిమ్మట మినుము పండించుట పరిపాటి. కిణ్వమునకు ముఖ్యమైనవి ఈ రెండే. ఇడ్లీపిండికిని ఈ రెండే మూలము. అయినను ఇడ్లీపిండి ఒక రాత్రిలో పొంగి పులుపెక్కును గాని మత్తు కలిగింపదు. దానిని పులియజేయునవి ప్రధానముగా ఆమ్లమును, వాయువును పుట్టించు బాక్టీరియాలు. ద్రవ్యము ఒకటే యైనను తోడు, నీరు, కాలము మారినచో ఫలము మారును.

మేదకప్రసన్నల సంభారములలో పాఠ, లోధ్ర, ప్రియంగువు, మిరియాలు, పిప్పళ్లు మొదలగువానితోపాటు దారుహరిద్ర కలదు. హరిద్రాశబ్దమును చూచి దీనిని దుగ్గిరాల విపణికి వచ్చు పసుపుకొమ్ముగా గ్రహింపరాదు. ఇది మ్రానిపసుపు, చేదుగల వేరొక ద్రవ్యము. బీరునకు హాప్ పువ్వు ఇచ్చు చేదును ఇది స్ఫురింపజేయును.

చక్కెర గల ద్రవ్యములకు కిణ్వముతో పనిలేదు. కౌటిల్యుని ఆసవమునకు వెలగపండు ఒక తుల, ఫాణితము ఐదు తులలు, తేనె ఒక ప్రస్థము. ధాన్యము లేదు, కిణ్వమును లేదు. మైరేయము బెల్లముతోను, మధువు ద్రాక్షారసముతోను ఏర్పడును. తాటి, ఖర్జూర రసములు పులిసినచో వారుణి యగునని శార్ఙ్గధరుడు చెప్పెను. బాపట్ల, రేపల్లె తీరముల తాటికల్లు ఈ వర్గములోనిదే. సున్నము పూసిన కుండలో పట్టిన తాటిరసము పులియక నీరాగా నిలుచును. పూయని కుండలో కల్లగును.

పదార్థములు కాలక్రమమున మారుటయు ఇచట కనిపించును. అర్థశాస్త్రమున మేదకప్రసన్నలు వేర్వేరు యోగములు. శార్ఙ్గధరసంహితలో అవి ఒకే కుండలోని పొరలు: పైన తేటగా నిలుచునది ప్రసన్న, అంతకు చిక్కనిది కాదంబరి, దాని క్రింద జగలము, జగలముకంటె చిక్కనిది మేదకము. అమరకోశమున మేదకజగలములు పర్యాయములు. కావున ఏ గ్రంథములోని పదమునకు ఆ గ్రంథపరిభాషనుబట్టియే అర్థము చెప్పవలెను. వైద్యమున ఈ జాగరూకత మరింత ఆవశ్యకము. పచ్చి ఓషధులతో నీటిలో పులియునది ఆసవము, కషాయముతో సిద్ధించునది అరిష్టము. రెంటిని ఒకటిగా అనువదించినచో ఔషధమే మారిపోవును.

మత్తులేని సంధానము మన వంటయిండ్లలో నిన్నమొన్నటివరకు నిలిచినది. గంజిని, బియ్యపు కడుగునీటిని కుండలో చేర్చుచు పులియనిచ్చు తరవాణి అట్టిది. అమరుడు కాంజికమునకు చెప్పిన ఆరనాళ, సౌవీర, ధాన్యామ్ల శబ్దములు ఈ జాతిద్రవ్యమునే తెలుపును. వానిలో ‘అవంతిసోమము’ అను పేరును కలదు. పులిసిన గంజికి సోమమను గౌరవము లభించుట ముచ్చటయైన విషయము.

కౌటిల్యుడు గృహస్థునకు ఇచ్చిన వెసులుబాటు నేడు లేదు. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము ప్రకారము అనుమతి లేనిదే మాదకపానీయములను తయారుచేయరాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు ఆరంభించిన ఉద్యమఫలముగా 1993 అక్టోబరు 1 నుండి సారాపై నిషేధము వచ్చినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము విధింపబడి 1997లో సడలింపబడినది. ఆ స్త్రీలు ఎదిరించినది బట్టీసారా వలన సంసారములకు కలిగిన నాశమును. ప్రాచీనగ్రంథములలోని సురను సారాగా వ్యాఖ్యానించి, దానిని పూర్వాచారమని సమర్థించుట శాస్త్రమునకును, వారి వేదనకును అన్యాయమే. సంధానమునకును బట్టీకిని గల భేదమును స్పష్టపరచుట పదార్థనిర్ణయము చేయు పండితుల కర్తవ్యము.